మెకానిక్ 38 వేలన్నాడు, తప్పు చిన్న ప్యాకింగ్‌ది: ఫోన్‌తో కారు ఎగ్జాస్ట్ చెక్ చేసిన కథ

గ్యాడ్జెట్ల సైట్‌లో కారు సైలెన్సర్ గురించి ఆర్టికల్ ఏంటి అనుకుంటున్నారా? ఇందులో ఒక బ్లూటూత్ డాంగిల్ ఉంది, రెండు యాప్‌లున్నాయి, ఒక గ్యాస్ సెన్సార్ ఉంది, సెల్ఫీ స్టిక్ కూడా ఉంది. కాబట్టి మన ఏరియాలోకే వస్తుంది.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వైజాగ్ వెళ్ళాను. నాన్నది 2016 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. నాలుగు సిలిండర్ల ఇంజన్, దాదాపు 80 వేల కిలోమీటర్లు తిరిగింది. పండగైన మర్నాడు అందరం అరకు బయల్దేరాం. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కుతుంటే వెనక సీట్లోంచి అమ్మ "తల పగిలిపోతోంది రా, కడుపులో తిప్పుతోంది" అంది. ఘాట్ రోడ్ కదా, మామూలేలే అనుకున్నాం. అనంతగిరి దగ్గర ఆపి, కాసేపు గాలి పీల్చుకుని, అమ్మ చేతిలో ఒక నిమ్మకాయ పెట్టి మళ్ళీ ఎక్కాం. కాసేపటికి డాష్‌బోర్డ్ మీద పసుపు రంగు ఇంజన్ బొమ్మ వెలిగింది. ఈ రెండింటికీ సంబంధం ఉండొచ్చని మాలో ఎవరికీ తట్టలేదు. బీటెక్ చదివిన నాకూ తట్టలేదు.

మర్నాడు తెలిసిన గ్యారేజ్‌కి తీసుకెళ్ళాం. మెకానిక్ స్కానర్ పెట్టి రెండు నిమిషాల్లో తేల్చేశాడు. "పీ0420 సార్. క్యాట్ పోయింది. కొత్తది వెయ్యాలి, లేబర్‌తో కలిపి 38 వేలు." నాన్న మొహం చూసి ఇంకో ప్లాన్ కూడా చెప్పాడు. "లేదంటే క్యాట్ తీసేసి ఖాళీ పైపు వెల్డింగ్ చేసేద్దాం సార్. సెన్సార్‌కి ఒక స్పేసర్ పెడితే లైట్ కూడా రాదు. నాలుగు వేలల్లో అయిపోద్ది."

నాన్న రెండో ప్లాన్ వైపు మొగ్గుతున్నాడని కళ్ళల్లోనే తెలిసిపోయింది. నాకు మాత్రం మా ఆఫీసులో ఒక పాత కోడ్ గుర్తొచ్చింది. ఎర్రర్ వస్తోందని ఎవరో ఎక్సెప్ట్ రాసి, కింద పాస్ అని పెట్టి వదిలేశారు. ఎర్రర్ కనపడటం ఆగిపోయింది, బగ్ మాత్రం ఆర్నెల్లు లోపలే ఉండి డేటా మొత్తం పాడు చేసింది. స్పేసర్ అంటే అచ్చం అదే. "రెండ్రోజులు టైమివ్వు నాన్నా, నేను చూస్తాను" అన్నాను. "నువ్వేం చూస్తావురా, నీకు స్టెప్నీ మార్చడం కూడా రాదు" అన్నాడు. అది నిజమే.

అసలు ఆ కోడ్ ఏం చెప్తోంది?

మనం మొత్తాన్ని కలిపి సైలెన్సర్ అనేస్తాం గానీ, ఎగ్జాస్ట్ అనేది ఒక పైప్‌లైన్. ఇంజన్‌లో నాలుగు సిలిండర్ల నుంచి వచ్చే పొగ మ్యానిఫోల్డ్‌లో ఒక్కటవుతుంది. అక్కడి నుంచి క్యాటలిటిక్ కన్వర్టర్, మెకానిక్‌ల భాషలో క్యాట్. ఆ తర్వాత ఇంజన్ కుదుపులు తట్టుకునే జాలీ అల్లిన ఫ్లెక్స్ పైపు, చప్పుడు తగ్గించే సైలెన్సర్ డబ్బా, చివర్లో మనకి వెనక కనిపించే గొట్టం.

క్యాట్ లోపల తేనెపట్టు లాంటి సిరామిక్ దిమ్మ ఉంటుంది. దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌ని కార్బన్ డయాక్సైడ్‌గా, కాలని పెట్రోల్‌ని నీరు, కార్బన్ డయాక్సైడ్‌గా, నైట్రోజన్ ఆక్సైడ్లని మామూలు నైట్రోజన్‌గా మార్చడం దాని పని. ధర ఎందుకంత అంటే ఆ మూడు లోహాల వల్లే. దాదాపు 300 డిగ్రీల దాకా వేడెక్కితేగానీ అది సరిగ్గా పని మొదలుపెట్టదు.

క్యాట్‌కి ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సార్లుంటాయి. ముందు సెన్సార్ చూసి ఈసీయూ పెట్రోల్ ఎంత కొట్టాలో డిసైడ్ చేస్తుంది. లెక్క ప్రకారం ఒక గ్రాము పెట్రోల్‌కి 14.7 గ్రాముల గాలి కావాలి. ఈసీయూ కొంచెం ఎక్కువ, కొంచెం తక్కువ చేస్తూ ఆ లెక్క చుట్టూ తిరుగుతుంది కాబట్టి ముందు సెన్సార్ వోల్టేజ్ 0.1 నుంచి 0.9 మధ్య పైకీ కిందకీ ఊగుతూ ఉంటుంది. క్యాట్ బాగుంటే వెనక సెన్సార్ దాదాపు 0.6, 0.7 దగ్గర నిలకడగా ఉంటుంది. వెనకది కూడా ముందుదానిలాగే ఊగడం మొదలుపెడితే ఈసీయూ పీ0420 రాసేస్తుంది.

ఆ కోడ్ అర్థం "బ్యాంక్ 1లో క్యాటలిస్ట్ పనితనం ఉండాల్సిన దానికన్నా తక్కువగా కనిపిస్తోంది" అని. అంతే. క్యాట్ మార్చమని అందులో ఎక్కడా లేదు. సర్వర్ టైమౌట్ ఎర్రర్ వస్తే కొత్త సర్వర్ కొంటామా? వెనక సెన్సార్ పాడైనా, పైపులో ఎక్కడో లీకై బయటి గాలి లోపలికి దూరినా ఇదే కోడ్ వస్తుంది. ఒకవేళ నిజంగానే క్యాట్ పోయినా, ఎందుకు పోయిందో కనుక్కోకుండా కొత్తది వేస్తే లాభం లేదు. మిస్‌ఫైర్ అవుతున్న ఇంజన్, ఆయిల్ తాగుతున్న ఇంజన్ కొత్త క్యాట్‌ని కూడా తినేస్తాయి.

డాంగిల్, యాప్, గ్రాఫ్

స్టీరింగ్ కింద, డ్రైవర్ కాళ్ళ పైన 16 పిన్నుల పోర్ట్ ఒకటి ఉంటుంది. మన దేశంలో బీఎస్-4 కార్లకి 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 తప్పనిసరి చేశారు. అందులో పెట్టే బ్లూటూత్ డాంగిల్స్ ఆన్‌లైన్‌లో వెయ్యి లోపు చాలానే దొరుకుతాయి. అన్నింటి మీదా ఈఎల్ఎం327 అని ఉంటుంది. ఆ చిప్ చేసిన కెనడా కంపెనీ ఈఎల్ఎం ఎలక్ట్రానిక్స్ 2022లోనే మూతపడింది, కాబట్టి మీకు దొరికేది దాదాపు ఖచ్చితంగా క్లోనే. క్లోన్ అయినా కోడ్లు, లైవ్ డేటా చదవడానికి సరిపోతుంది. కొన్ని క్లోన్లు సగం కమాండ్స్‌కి జవాబివ్వవు, అందుకే రిటర్న్ ఉన్నచోటే కొనండి. ఐఫోన్ వాడేవాళ్ళు బ్లూటూత్ ఎల్ఈ గానీ వైఫై గానీ ఉన్న మోడల్ చూసుకోవాలి, పాత బ్లూటూత్ డాంగిల్స్ ఐఓఎస్‌తో కలవవు. ఇంకో మాట, పని అయ్యాక పీకేయండి. కారు ఆఫ్‌లో ఉన్నా బ్యాటరీ తాగుతాయి, పైగా చాలావాటి పాస్‌వర్డ్ 1234.

నేను టార్క్ ప్రో, కార్ స్కానర్ రెండూ వాడాను. ముందు చేయాల్సిన పని కోడ్ క్లియర్ చేయడం కాదు, ఫ్రీజ్ ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసుకోవడం. కోడ్ పడిన క్షణంలో స్పీడ్, ఆర్‌పీఎం, టెంపరేచర్ అన్నీ అందులో సేవ్ అయి ఉంటాయి. క్లియర్ కొడితే అదీ పోతుంది. మన క్రాష్ లాగ్ లాంటిదన్నమాట.

తర్వాత రెండు సెన్సార్ల గ్రాఫ్ ఒకదాని కింద ఒకటి పెట్టి, నాన్నని డ్రైవ్ చేయమని నేను పక్కన కూర్చున్నాను. సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో వెనక సెన్సార్ పిచ్చిపిచ్చిగా ఊగుతోంది. హైవే ఎక్కి 60, 70లో వెళ్తుంటే నీట్‌గా ఒక గీతలా నిలబడింది. ఇక్కడే నాకు మొదటి క్లూ దొరికింది. క్యాట్ నిజంగా చచ్చిపోతే, పొగ ఎక్కువగా, వేగంగా వచ్చే హైవే మీదే ముందు ఫెయిలవ్వాలి. దీనికి రివర్స్‌లో జరుగుతోంది.

రెండో క్లూ ఫ్యూయల్ ట్రిమ్. ఈసీయూ తన లెక్కకి ఎంత శాతం పెట్రోల్ కలుపుతోందో, తగ్గిస్తోందో చెప్పే నంబర్ ఇది. మామూలుగా ప్లస్ గానీ మైనస్ గానీ 10 లోపు ఉండాలి. మా కారు లాంగ్ టర్మ్ ట్రిమ్ ఐడిల్‌లో ప్లస్ 16. ఆర్‌పీఎం 2500కి తీసుకెళ్తే ప్లస్ 5. అంటే ఐడిల్‌లో ఎక్కడి నుంచో లెక్కలో లేని గాలి వస్తోంది, అది చూసి ఈసీయూ పెట్రోల్ ఎక్కువ పోస్తోంది. "ఈమధ్య మైలేజ్ తగ్గిందిరా" అని నాన్న అంటున్న దానికి కూడా జవాబు దొరికినట్టే ఉంది.

పొగ పైపులోంచి బయటికి కదా పోవాలి, గాలి లోపలికెలా వస్తుంది? నాకూ అదే డౌటొచ్చింది. పొగ ఒకే ధారగా రాదు, దెబ్బ దెబ్బగా వస్తుంది. రెండు దెబ్బల మధ్య పైపులో ప్రెషర్ బయటికన్నా తగ్గిపోతుంది. ఆ సందులో పగులు గుండా గాలి లోపలికి పీల్చుకుంటుంది. ముందు సెన్సార్ ఆ ఆక్సిజన్ చూసి "పెట్రోల్ తక్కువైంది" అని అబద్ధం రిపోర్ట్ ఇస్తుంది. స్పీడ్ పెరిగితే ధార గట్టిపడి ఈ ఎఫెక్ట్ తగ్గుతుంది.

అయితే ఇంటేక్ వైపు వ్యాక్యూమ్ గొట్టం చిరిగినా ట్రిమ్ ఇలాగే కనిపిస్తుంది. యాప్ ఇక్కడిదాకానే తీసుకెళ్తుంది. ఇక్కడి నుంచి కళ్ళు, చెవులు వాడాలి.

టిక్ టిక్ చప్పుడు

ఎగ్జాస్ట్ లీక్ పట్టుకోవడానికి బెస్ట్ టైం పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు. వేడెక్కితే ఇనుము వ్యాకోచించి సన్న పగుళ్ళు మూసుకుపోతాయి, చప్పుడు మాయమైపోతుంది. గ్యారేజ్‌కి కారు నడుపుకుంటూ వెళ్తే వాళ్ళకి వినపడకపోవడానికి కారణం అదే. ఆరింటికి బానెట్ ఎత్తి స్టార్ట్ చేస్తే సన్నగా ఫట్ ఫట్ ఫట్ అని వినిపించింది. నాలుగైదు నిమిషాల్లో పోయింది. "అది ఎప్పట్నుంచో ఉంది, పాత కారు కదా" అన్నాడు నాన్న, చాలా మామూలుగా.

ఇక్కడ నా ఇంజనీర్ బుర్ర కొంచెం ఓవర్‌యాక్షన్ చేసింది. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకి ఒకసారి పేలుతుంది. చల్లగా ఉన్నప్పుడు 1200 ఆర్‌పీఎం అనుకుంటే, ఒక సిలిండర్ నుంచి సెకనుకి 10 దెబ్బలు, నాలుగూ కలిస్తే 40. ఫోన్‌లో రికార్డ్ చేసి, వేవ్‌ఫామ్ జూమ్ చేసి లెక్కపెడితే సెకనుకి దాదాపు 40 శిఖరాలొచ్చాయి. అంటే లీక్ ఒక సిలిండర్ దగ్గర కాదు, నాలుగూ కలిసిన తర్వాతే. ఇంజెక్టర్లు, ట్యాపెట్లు కూడా టిక్ టిక్‌మంటాయి కాబట్టి దీన్ని సాక్ష్యంగా కాకుండా ఒక హింట్‌గానే తీసుకోండి.

కారు చల్లారాక సెల్ఫీ స్టిక్‌కి ఫోన్ తగిలించి, టార్చ్ ఆన్ చేసి, వీడియో మోడ్‌లో బానెట్ లోపలికి, కారు కిందికి దింపాను. దయచేసి జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కింద దూరకండి. స్టాండ్లు గానీ, గ్యారేజ్‌లో గొయ్యి గానీ ఉండాల్సిందే. వీడియోని స్లోగా చూస్తే మ్యానిఫోల్డ్ క్యాట్‌తో కలిసే జాయింట్ దగ్గర, ముందు సెన్సార్‌కి కొంచెం ముందు, మసి పూసినట్టు నల్లటి చార కనిపించింది. మూడు బోల్టుల్లో ఒకదానికి నట్టే లేదు. వైజాగ్ ఉప్పు గాలి, దానికి తోడు రోజూ రెండు మూడు కిలోమీటర్ల చిన్న ట్రిప్పులు. తుప్పు పట్టకుండా ఎలా ఉంటుంది?

కన్ఫర్మ్ చేసుకోవడానికి ఇంట్లో వ్యాక్యూమ్ క్లీనర్ తీశాను. గాలి ఊదే వైపు గొట్టం పెట్టి, వెనక సైలెన్సర్ గొట్టంలో గుడ్డ చుట్టి దూర్చి ఆన్ చేశాను. ఇంజన్ ఆఫ్‌లో, పూర్తిగా చల్లగా ఉండాలి. జాయింట్ల మీద సబ్బు నీళ్ళు స్ప్రే చేస్తే ఆ నల్ల చార దగ్గర బుడగలు పొంగాయి. సైలెన్సర్ డబ్బా కింద కూడా ఒకచోట బుడగలొచ్చాయి గానీ అది లీక్ కాదు, నీళ్ళు కారిపోవడానికి కంపెనీ వాళ్ళే పెట్టిన చిల్లు. దాన్ని ఎంసీల్ పెట్టి మూసేయకండి. అమ్మ వ్యాక్యూమ్ క్లీనర్ ఎక్కడికి పోయిందని అడిగితే ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

అప్పుడు అమ్మ తలనొప్పి గుర్తొచ్చింది

బుడగల్ని చూస్తూ 38 వేలు మిగిలాయని సంబరపడుతుంటే నా కళ్ళు విండ్‌షీల్డ్ కింద ఉన్న జాలీ మీద పడ్డాయి. ఏసీకి బయటి గాలి వెళ్ళేది అక్కడి నుంచే. లీక్ ఉన్న జాయింట్ నుంచి దానికి ఎంతో దూరం లేదు. పైగా ఈ లీక్ క్యాట్‌కి ముందు. అంటే శుద్ధి కాని పొగ. పైగా ఈసీయూ పెట్రోల్ ఎక్కువ కొడుతోంది, అంటే కార్బన్ మోనాక్సైడ్ ఇంకా ఎక్కువ.

కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కన్నా 200 రెట్లకి పైగా గట్టిగా అతుక్కుంటుంది. మొదట వచ్చేవి తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం. అచ్చం ఘాట్ రోడ్ మీద వచ్చే లక్షణాలే.

మరి పొల్యూషన్ సర్టిఫికెట్? ఉంది, వ్యాలిడ్‌గానే ఉంది. బీఎస్-4 పెట్రోల్ కారుకి ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం దాటకూడదు, మా కారు దర్జాగా పాసైంది. ఎందుకంటే వాళ్ళు పైపు పెట్టేది వెనక గొట్టంలో. బానెట్ కింద ఏం కారుతోందో ఆ టెస్ట్‌కి తెలీదు. ఓబీడీలో కూడా "క్యాబిన్‌లోకి గ్యాస్ వస్తోంది" అనే కోడ్ లేదు.

మీటర్ కొనాలి. ఇక్కడ మన రీడర్స్ జాగ్రత్తగా ఉండాలి. గదిలో పెట్టుకునే ఏక్యూఐ మానిటర్లు చాలావరకు దుమ్ము కొలుస్తాయి. కొన్నింటి మీద కనిపించే సీఓ2 వేరు, సీఓ వేరు. గోడకి తగిలించే సీఓ అలారం కూడా దీనికి పనికిరాదు, అమెరికా యూఎల్ 2034 స్టాండర్డ్ ప్రకారం 70 పీపీఎం దగ్గర అది గంట నుంచి నాలుగు గంటల దాకా ఆగి మోగుతుంది. ఆర్డ్యునోకి పెట్టే ఎంక్యూ-7 సెన్సార్ ప్రాజెక్టుకి బాగుంటుంది, ప్రాణాలకి కాదు. ఎలక్ట్రోకెమికల్ సెన్సార్ ఉండి, తక్కువ పీపీఎం కూడా స్క్రీన్ మీద నంబర్‌గా చూపించే పోర్టబుల్ మీటర్ కావాలి. నాకు రూ. 3,200 అయింది.

ఖాళీ గ్రౌండ్‌లో, ఓపెన్‌గా ఉన్నచోట టెస్ట్ చేశాను. సెల్లార్ పార్కింగ్‌లో ఇలాంటి ప్రయోగాలు అస్సలు వద్దు. బయట మీటర్ 0. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, ఏసీ బయటి గాలి మోడ్‌లో పెట్టి, మీటర్‌ని అమ్మ కూర్చునే సీట్లో పెట్టాను. నేను డోర్ తెరిచి బయట నిలబడి మధ్యమధ్యలో తొంగి చూడటం కుదరదు కాబట్టి, ఫోన్ వీడియో కాల్‌లో పెట్టి అన్ని డోర్లూ మూసేశాను. పది నిమిషాల్లో 41 పీపీఎం.

అమెరికా ఎన్ఐఓఎస్‌హెచ్ సంస్థ పనిచేసే చోట ఎనిమిది గంటల సగటుకి 35 పీపీఎం లిమిట్ పెట్టింది, 200 ఎప్పుడూ దాటకూడదంటుంది. కాబట్టి 41 అంటే అప్పటికప్పుడు పడిపోయేంత కాదు. కానీ ఆ నంబర్ ఇంకా పైకి ఎక్కుతూనే ఉంది, నేను ఆపేశాను.

పక్కన నిలబడ్డ నాన్న ఏమీ మాట్లాడలేదు. ఆయన సంగతి నాకు అప్పుడు వెలిగింది. అమ్మని హాస్పిటల్‌కో గుడికో తీసుకెళ్ళినప్పుడు, నాన్న ఇంజన్ ఆన్‌లో ఉంచి, ఏసీ వేసుకుని, సీటు వెనక్కి వాల్చి అరగంట కునుకు తీస్తాడు. ఎన్నో ఏళ్ళ అలవాటు.

రిపేర్

ఈసారి సైలెన్సర్ వర్క్స్ షాపుకి వెళ్ళి వీడియో, గ్రాఫులు చూపించాను. అతను గ్రాఫులు పట్టించుకోలేదు గానీ, నల్ల చార చూడగానే "ప్యాకింగ్ ఎగిరిపోయింది బాబూ" అన్నాడు. విరిగిన స్టడ్ పీకడానికే రెండు గంటలు పట్టింది. ప్యాకింగ్ 450, కొత్త స్టడ్లు, నట్లు, లేబర్ అన్నీ కలిపి 1,900 అయింది. మనం సొంతంగా చేద్దామనుకోకండి, తుప్పు పట్టిన స్టడ్ మ్యానిఫోల్డ్‌లో విరిగితే పని పది రెట్లవుతుంది.

కోడ్ క్లియర్ చేశాక ఈసీయూ తన మానిటర్లన్నీ మళ్ళీ రన్ చేయడానికి కొన్ని రోజుల డ్రైవింగ్ పడుతుంది, వెంటనే లైట్ రాలేదని పండగ చేసుకోకండి. మాకు ఐదు నెలలైంది, కోడ్ రాలేదు. ఐడిల్ ట్రిమ్ ప్లస్ 3. వెనక సెన్సార్ గీత మాత్రం కొత్త కారంత నీట్‌గా లేదు, అన్నాళ్ళు ఎక్కువ పెట్రోల్ తాగిన క్యాట్ కొంచెం అలిసిపోయి ఉంటుంది. నెలకోసారి నాన్న డాంగిల్ పెట్టి స్క్రీన్‌షాట్ పంపిస్తాడు. కునుకు ఇప్పుడు ఇంజన్ ఆపి, అద్దాలు దించి తీస్తున్నాడు.

జూన్‌లో మళ్ళీ అరకు వెళ్ళాం. మీటర్ డాష్‌బోర్డ్ మీదే ఉంది. శృంగవరపుకోట దగ్గర 0, అనంతగిరి దగ్గర 0. గాలికొండ దాకా వచ్చేసరికి అమ్మ కారు ఆపమని దిగి వాంతి చేసుకుంది. నేను మీటర్ పట్టుకుని పరుగెత్తుకెళ్ళి చూపించాను, అప్పుడూ 0. అమ్మ నోరు కడుక్కుని "నీ మిషన్ కన్నా నిమ్మకాయ నయం రా" అని మళ్ళీ వెనక సీట్లో కూర్చుంది.